పొగ పోయినా పోని పేర్లు: నగరాల మారుపేర్ల వెనుక గాలి చరిత్ర

చలికాలం మొదలైతే చాలు, ఢిల్లీ గాలి వార్తల్లోకి ఎక్కుతుంది. 2015 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు గ్యాస్ చాంబర్‌లో బతుకుతున్నట్టుందని వ్యాఖ్యానించినప్పటి నుంచి ఆ మాట ఏటా పత్రికల శీర్షికల్లో తిరుగుతూనే ఉంది. కఠ్మాండూను అక్కడివారే ‘మాస్క్‌మండూ’ అంటున్నారు. 2013 జనవరిలో బీజింగ్‌ను కమ్మేసిన కాలుష్యానికి ఆంగ్ల పత్రికలు ‘ఎయిర్‌పొకలిప్స్’ అని పేరు పెట్టాయి. ఇవి ఆ నగరాలకు శాశ్వతంగా అంటుకుపోతాయా? గాలి బాగుపడగానే మాసిపోతాయా?

జవాబు కోసం ఊహల్లోకి వెళ్లనక్కరలేదు. వందల ఏళ్లు బొగ్గు పొగలో మగ్గి బయటపడిన నగరాలు మన కళ్ల ముందే ఉన్నాయి. వాటిలో కొన్నింటిని జనం నేటికీ పొగ పేరుతోనే పిలుస్తారు. అంతకంటే ఘోరమైన గాలి పీల్చిన మరికొన్ని ఊళ్లకు అలాంటి పేరే లేదు. ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలిస్తే ఢిల్లీ, కఠ్మాండూల సంగతీ కొంత తేలుతుంది.

## ఏది మారుపేరు, ఏది పొగ

ఒక నగరం గురించి నలుగురూ అనే ప్రతి మాటా మారుపేరు కాదు. అసలు పేరు ఎత్తకుండా ఆ మాట ఒక్కటే అన్నా ఏ ఊరో వినేవారికి తెలిసిపోవాలి. ‘సిటీ ఆఫ్ డెస్టినీ’ అంటే విశాఖపట్నమని తెలుగు పత్రికలు చదివేవారికి వేరే చెప్పాలా? ‘గ్యాస్ చాంబర్’ ఇంకా ఆ స్థాయికి రాలేదు. ముందు ఢిల్లీ అని చెప్పి తీరాలి. కాబట్టి అది ప్రస్తుతానికి వ్యాఖ్యే, పేరు కాదు.

ఇక పొగ. బొగ్గు సరిగా కాలకపోతే మసి పుడుతుంది. బొగ్గులో ఉండే గంధకం కాలి సల్ఫర్ డయాక్సైడ్ వాయువు అవుతుంది. గోడలను నల్లబరిచేది ప్రధానంగా మసి, గొంతు మండించేది ఆ వాయువు. ఈ రెండూ మంచుతో కలిస్తే స్మాగ్. స్మోక్, ఫాగ్ అనే రెండు ఇంగ్లీషు మాటలను అతికి ఈ పదాన్ని 1905లో ప్రచారంలోకి తెచ్చినవాడు లండన్ వైద్యుడు హెన్రీ డెవూ.

పొగ ఎంత వదిలారన్నది ఒక లెక్క. అది ఊరి మీద ఎంతసేపు నిలిచిందన్నది మరో లెక్క. మామూలుగా నేల దగ్గర వేడెక్కిన గాలి పైకి లేస్తూ పొగను వెంట తీసుకుపోతుంది. గాలి కదలని చలి రాత్రుల్లో నేల ముందుగా చల్లబడుతుంది. అప్పుడు కింద చల్లటి గాలి, దాని మీద వెచ్చటి పొర ఉంటాయి. పై పొర మూతలా పనిచేసి పొగను కిందే ఆపేస్తుంది. దీన్ని ఉష్ణోగ్రత విలోమం అంటారు. చుట్టూ కొండలుంటే పొగ పక్కలకు కూడా పోలేదు. కైలాసగిరి, యారాడ కొండల మధ్య ఉన్న విశాఖ పల్లపు భాగంలో కాలుష్యం పోగుపడడానికి నిపుణులు చూపే కారణాల్లో ఇదీ ఒకటి.

## ఎడిన్‌బరో: అవతలి ఒడ్డు నుంచి కనిపించిన పొగ

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోకు ‘ఆల్డ్ రీకీ’ అని పేరు. స్కాట్స్ భాషలో రీక్ అంటే పొగ కాబట్టి మన మాటల్లో ‘పొగల ముసలమ్మ’ అనుకోవచ్చు. పాత పట్టణమంతా కోట నుంచి హోలీరూడ్ రాజభవనం దాకా సాగే సన్నటి గుట్ట వెన్ను మీద ఉంటుంది. పక్కలకు చోటు లేక ఇళ్లు పైకి పెరిగాయి. కొన్ని పది అంతస్తులు కూడా దాటాయి. ఒకదానిపై ఒకటిగా పేర్చిన ఆ కాపురాలన్నిటికీ పొయ్యిలు, ఆ పొయ్యిల్లో బొగ్గు. 1773లో రాబర్ట్ ఫెర్గసన్ ఈ పేరునే శీర్షికగా పెట్టి నగరం మీద కవిత రాశాడంటే అప్పటికే అది జనం నోళ్లలో బాగా నలిగి ఉండాలి.

పేరు పుట్టుక గురించి 19వ శతాబ్దపు రచయిత రాబర్ట్ చేంబర్స్ ఒక కథ చెప్పాడు. సముద్రంలో కలిసే చోట వెడల్పైన ఫోర్త్ నదీముఖానికి ఆవలి ఒడ్డున, ఫైఫ్ ప్రాంతంలో లార్గో అనే ఊరు ఉంది. రెండో చార్లెస్ రాజు కాలంలో అక్కడి భూస్వామి ఒకాయన సాయంత్రం ప్రార్థన వేళను ఎడిన్‌బరో పొగను బట్టి లెక్కకట్టేవాడట. నగరంలో రాత్రి వంట మొదలై పొగ దట్టంగా లేవగానే, ‘అదిగో, ముసలి రీకీ రాత్రి టోపీ పెట్టుకుంటోంది, ఇక ప్రార్థన చేసుకుని పడుకుందాం’ అని పిల్లలను పిలిచేవాడట. దీన్ని చరిత్రగా రుజువు చేయడం కష్టం. కానీ కథలో ఒక నిజం ఉంది. పొగలో ఉన్నవాళ్లకు దాని రూపం కనిపించదు. కొన్ని మైళ్ల దూరంలో, నీటికి అవతల నిలబడ్డవాడికే నగరం మొత్తం పొగ కప్పుకున్న ఒకే ఆకారంగా కనిపిస్తుంది. పొగ పేర్లలో చాలావాటికి మొదటి అడుగు ఇలా బయటివారి చూపుతోనే పడింది.

ఈ పేరు కంపును బట్టి వచ్చిందని చెప్పేవారూ ఉన్నారు. నేటి ఇంగ్లీషులో రీక్ అంటే దుర్వాసన కావడంతో వచ్చిన పొరపాటు అది. పై అంతస్తుల కిటికీల్లోంచి మురుగు వీధిలోకి కుమ్మరించిన మాట నిజమే. ఊరి పక్కన నార్ లాక్ అనే చెరువు మురికితో నిండిపోయిన మాటా నిజమే. దాన్ని ఎండగట్టిన చోటే ఇప్పుడు ప్రిన్సెస్ స్ట్రీట్ ఉద్యానవనం ఉంది. అయినా పేరు మాత్రం పొగదే.

అందులో తిట్టు కంటే మమకారమే ఎక్కువ. ‘నీ పొగగొట్టం కలకాలం పొగలు చిమ్మాలి’ అన్నది స్కాట్లాండ్‌లో నేటికీ వినిపించే దీవెన. మన దగ్గర పేదరికం గురించి చెప్పాలంటే ‘పొయ్యిలో పిల్లి లేవలేదు’ అంటాం. పొయ్యి వెలగడమంటే ఆ పూటకు తిండి ఉండడం. బొగ్గు పొగను కాలుష్యంగా కాక కడుపు నిండిన ఇంటి గుర్తుగా చూసిన రోజుల్లో పుట్టిన పేరు కాబట్టే దాన్ని ఎవరూ కాదనలేదు.

ఆ పొగ రాతిలోనూ మిగిలింది. 1846లో ప్రారంభమైన వాల్టర్ స్కాట్ స్మారకాన్ని బిన్నీ గని ఇసుకరాయితో కట్టారు. మసి పట్టి అది నల్లబడిపోయింది. 1990లలో మరమ్మతులు చేసినప్పుడు కడిగితే రాయి దెబ్బతింటుందని నలుపును అలాగే వదిలేశారు. పాడైన చోట్ల మాత్రం అదే రకం కొత్త రాయి పెట్టారు. దాంతో నల్లటి గోపురం మీద అక్కడక్కడా లేత రంగు అతుకులు కనిపిస్తాయి. కట్టిన రోజున మొత్తం ఆ రంగులోనే ఉండేదన్నమాట.

## లండన్: ఒక ఊరి పేరు పెద్ద ఊళ్లన్నిటికీ పాకింది

లండన్ పొగ మీద ఫిర్యాదులు పారిశ్రామిక విప్లవం కంటే చాలా పాతవి. మొదటి ఎడ్వర్డ్ రాజు 1306లోనే ఓడల్లో వచ్చే బొగ్గును కాల్చవద్దని ఆజ్ఞ ఇచ్చాడు. అది అమలైంది తక్కువే. 1661లో జాన్ ఎవెలిన్ అనే రచయిత పొగ వదిలే వృత్తులను ఊరి బయటికి తరలించి, చుట్టూ పరిమళించే మొక్కలు నాటాలని రెండో చార్లెస్‌కు విన్నవించాడు. 19వ శతాబ్దానికి పల్లెటూరివాళ్లు లండన్ వెళ్లడాన్ని ‘పొగకు పోవడం’ అనేవారు. ‘ద స్మోక్’ అంటే లండనే. ఇక్కడా పేరు బయటినుంచి వచ్చినదే.

ఆ పొగ ఎంత ప్రాణాంతకమో 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లోకమంతా చూసింది. ఉష్ణోగ్రత విలోమం నగరం మీద మూత బిగించింది. దారి కనబడక కండక్టర్లు దివిటీ పట్టుకుని నడుస్తుంటే బస్సులు వారి వెనుక పాకాయి. శాడ్లర్స్ వెల్స్ నాటకశాల లోపలికి కూడా పొగ చేరడంతో ప్రదర్శన మధ్యలో ఆపేశారు. సుమారు 4,000 మంది చనిపోయారని అప్పట్లో అంచనా వేశారు. తరువాతి వారాల మరణాలను కూడా లెక్కలోకి తీసుకున్న పరిశోధకులు ఆ సంఖ్య 12,000 దాకా ఉంటుందని తేల్చారు. వీధిలో పడి చచ్చిపోయినవారు కాదు వీళ్లు. ఎక్కువమంది ఇళ్లలో, ఆసుపత్రుల్లో ఊపిరాడక పోయిన వృద్ధులు, పసివాళ్లు, అప్పటికే గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు. 1956లో స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చింది. మెల్లగా పొగ తగ్గింది.

పేరు తగ్గలేదు. ఊళ్లు కూడా మారింది. ఆస్ట్రేలియాలో 19వ శతాబ్దం నుంచే ‘బిగ్ స్మోక్’ అనే మాట ఉంది. ఆదివాసులు తెల్లవారి పట్టణాలను అలా పిలవడంతో అది మొదలైందని అక్కడి నిఘంటుకారులు చెబుతారు. ఇప్పుడక్కడ ఏ పెద్ద నగరాన్నయినా అలా అంటారు. కెనడాలో టొరంటోకూ, ఐర్లాండ్‌లో డబ్లిన్‌కూ అదే పేరు. వీటిలో డబ్లిన్‌కు నిజంగానే పొగ బెడద ఉండేది. 1990 సెప్టెంబరులో మసి ఎక్కువగా వచ్చే రకం బొగ్గు అమ్మకాన్ని ఆ నగరంలో నిషేధించారు. గాలిలో నల్లపొగ సుమారు 70 శాతం పడిపోయింది. అయినా పల్లెల నుంచి వచ్చేవారికి డబ్లిన్ ఇంకా బిగ్ స్మోకే. ఇక్కడ ఆ మాటకు అర్థం పొగ కాదు, ‘మహానగరం’. మారుపేరును చూసి ఒక ఊరి పాత గాలిని అంచనా వేయబోయేవారు తడబడేది సరిగ్గా ఈ చోటే.

## పిట్స్‌బర్గ్: తిట్టుగా మారిన ప్రశంస

అమెరికాలోని పిట్స్‌బర్గ్ తెలుగువారికి కొత్త ఊరేమీ కాదు. 1970లలో పెన్ హిల్స్‌లో కట్టిన శ్రీవేంకటేశ్వరాలయానికి ఉత్తర అమెరికా నలుమూలల నుంచీ మనవాళ్లు వెళుతుంటారు. పచ్చటి కొండవాలున తెల్లగా మెరిసే ఆ గోపురాన్ని చూసినవారికి, ఆ ఊరిని ఒకప్పుడు ‘స్మోకీ సిటీ’ అనేవారంటే నమ్మబుద్ధి కాదు.

మూడు నదులు కలిసే చోట, బొగ్గు కొండల నడుమ పుట్టిన ఊరు అది. ఇనుము, గాజు, ఆ తరువాత ఉక్కు. 1868లో జేమ్స్ పార్టన్ అనే రచయిత అట్లాంటిక్ మంత్లీ పత్రికలో దాన్ని ‘మూత తీసిన నరకం’ అన్నాడు. నగరం మీద పడిన అతి పెద్ద నింద ఇదేనని చాలామంది భావిస్తారు. అసలు వాక్యం చదివితే సంగతి వేరు. నయాగరా అంతటి అద్భుత దృశ్యం చూడాలనుకుంటే రాత్రివేళ కొండ మీది క్లిఫ్ వీధికి ఎక్కి కిందికి చూడండి అని చెబుతూ వాడిన మాట అది. చీకట్లో కొలుముల మంటలు ఎగసిపడుతుంటే పై నుంచి చూసి అబ్బురపడ్డాడు ఆయన. కాలం గడిచేకొద్దీ నయాగరా జారిపోయి నరకం మిగిలింది. ఒక పేరు ఎలా పుట్టిందో, తరువాత దానికి ఏ అర్థం పట్టిందో రెండూ ఒకటే కానక్కరలేదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

కిందున్నవారి బతుకు మాత్రం అబ్బురంగా లేదు. 1940లలో తీసిన ఫొటోలు చూడండి. పట్టపగలు వీధి దీపాలు వెలుగుతుంటాయి, కార్లు లైట్లు వేసుకుని కదులుతుంటాయి. ఆఫీసు ఉద్యోగులు మధ్యాహ్నానికి మార్చుకోవడానికి రెండో తెల్లచొక్కా తెచ్చుకునేవారు. నగరం 1941లో పొగ నియంత్రణ చట్టం చేసింది. యుద్ధం వల్ల ఆగి, పరిశ్రమలకు 1946లో, ఇళ్లకు 1947లో అమలైంది.

గాలి ఎందుకు బాగుపడిందన్న దాని మీద రెండు వాదనలున్నాయి. మేయర్ డేవిడ్ లారెన్స్, బ్యాంకర్ రిచర్డ్ కింగ్ మెలన్ చేతులు కలిపి చట్టాన్ని పట్టుదలగా అమలు చేయడం వల్లనే అన్నది మొదటిది. సరిగ్గా ఆ ఏళ్లలోనే గొట్టాల ద్వారా సహజవాయువు చౌకగా రావడం, ఆవిరి రైళ్ల చోట డీజిల్ రైళ్లు రావడం వల్ల చట్టం లేకున్నా పొగ తగ్గేదన్నది రెండోది. రెండింటికీ బలం ఉంది. గ్యాస్ రాకపోతే పేద ఇళ్లు బొగ్గు మానలేకపోయేవి. చట్టం లేకపోతే అందరూ అంత త్వరగా మారేవారు కాదు. చట్టం ఆ మార్పును త్వరపరిచిందనడం న్యాయంగా ఉంటుందని నాకు అనిపిస్తుంది.

## పొగే గొప్ప అనుకున్న జపాన్ నగరాలు

ఇంతవరకూ బయటివారి చూపు. జపాన్‌లోని ఒసాకా తన పొగను తానే నెత్తిన పెట్టుకుంది. కాలువలు, వంతెనల వల్ల దానికి ‘నీటి నగరం’ అన్న పేరు ఉండేది. నూలు మిల్లులు, కర్మాగారాలు వచ్చాక ‘పొగ నగరం’ అయింది. పక్కనే, ఇంగ్లండ్‌లోని నూలు మిల్లుల నగరం పేరు మీద ‘ప్రాచ్య మాంచెస్టర్’ అన్న బిరుదు. పొగగొట్టాలెన్ని ఉంటే ఊరికి అంత ప్రతిష్ఠ అనుకున్న కాలం అది. 1901లో ఉక్కు కర్మాగారం మొదలైన యవాటాలో నగర గీతమే ఆకాశం నిండిన పొగను కీర్తించింది.

ఆ యవాటా 1963లో మరో నాలుగు ఊళ్లతో కలిసి కిటాక్యుషు నగరమైంది. అక్కడి టొబాటా ప్రాంతపు ఇల్లాళ్లు పొగ ఘనత వెనుక ఉన్న ఖర్చును లెక్కగట్టారు. ఉతికి ఆరేసిన బట్టలు మళ్లీ నల్లబడడం, పిల్లల దగ్గు వారికి రోజూ కనబడేవే. భర్తలు అవే కర్మాగారాల్లో పనిచేస్తున్నా, ఆ ఇల్లాళ్లు ఊరి మీద పడుతున్న మసిని స్వయంగా కొలిచి, 1965లో ‘మాకు నీలాకాశం కావాలి’ అని చిన్న సినిమా తీసి చూపించారు. పొగకు వ్యతిరేకంగా మాట్లాడటమంటే ఇంటి జీతానికి వ్యతిరేకంగా మాట్లాడటమే అయిన చోట ఆ పని చేశారు. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించే ఘట్టం ఇదే.

ఇప్పుడు ఒసాకా మళ్లీ ‘నీటి నగరం’గానే ప్రచారం చేసుకుంటోంది. పొగ పేరు చరిత్ర పుస్తకాల్లో మాత్రమే ఉంది. గర్వంతో పెట్టుకున్న పేరు ఆ గర్వం పోగానే ఖాళీ అయింది, పాత పేరు ఆ చోటికి తిరిగి వచ్చింది.

## పొగ అనిపించేవి, పొగ కానివి

అన్ని నల్లపేర్లూ మసి వల్ల వచ్చినవి కావు. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌కు పశ్చిమాన ఉన్న ‘బ్లాక్ కంట్రీ’ మీద నేటికీ వాదన నడుస్తోంది. కొలుముల మసి వల్లనే ఆ పేరని కొందరంటారు. అక్కడ ముప్పై అడుగుల మందాన బొగ్గు పొర నేల పైకే తేలి ఉండేది, మట్టే నలుపు కాబట్టి పొగకు ముందే ఆ పేరుందని మరికొందరు. రాతలో ఈ పేరు 1840ల నుంచే కనిపిస్తుంది, అంటే కొలుములు జోరు మీదున్న కాలం. ఆధారాలను బట్టి మసి వాదానికే మొగ్గు ఎక్కువ. అయితే రాతకెక్కకముందు నోటి మాటగా ఎంతకాలం ఉందో రాతలు చెప్పలేవు. 1868లో అమెరికా కాన్సుల్ ఎలిహు బరిట్ ఆ ప్రాంతాన్ని ‘పగలు నలుపు, రాత్రి ఎరుపు’ అన్నాడు. పిట్స్‌బర్గ్ మీద పార్టన్ రాసినదీ అదే ఏడాది.

ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్ అసలు పేరులోనే ‘పొగల అఖాతం’ ఉంది. అక్కడ లేచింది పొగ కాదు, వేడినీటి బుగ్గల ఆవిరి. లాస్ ఏంజెలిస్ తీరాన్ని 1542లో చూసిన నావికుడు కాబ్రియో దానికి ‘పొగల అఖాతం’ అని పేరు పెట్టాడు. అది శాన్ పెడ్రో అఖాతమని ఎక్కువమంది, శాంటా మోనికా అని కొందరు అంటారు. ఆయన చూసింది స్థానికులు పెట్టిన మంటల పొగ. నాలుగు వందల ఏళ్ల తరువాత, 1943 జులైలో అదే నగరాన్ని కళ్లు మండించే మబ్బు కమ్మేస్తే శత్రువులు విషవాయువు వదిలారేమోనని జనం భయపడ్డారు. కారణం వాహనాల, చమురు శుద్ధి కర్మాగారాల వాయువులు ఎండకు మారి ఓజోన్ కావడమని 1950లలో ఆరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త నిరూపించాడు. పాత పేరుకూ కొత్త పొగకూ సంబంధం లేదు. కొండలు గాలిని అడ్డగించే తీరు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

## చక్రవర్తి పెట్టినా నిలవని పేరు, తిట్టినా నిలిచిన పేరు

మన దేశంలో ఒక చక్కటి ఉదాహరణ ఉంది. 1618లో అహ్మదాబాద్‌లో విడిది చేసిన మొగల్ చక్రవర్తి జహంగీర్‌ను ఆ ఊరి దుమ్ము, వేడి, జబ్బులు విసిగించాయి. తన స్మృతుల్లో దాన్ని ‘గర్దాబాద్’ అని, అంటే దుమ్ము ఊరని రాసుకున్నాడు. అంతటితో ఆగక వడగాలుల దేశం, రోగాల ఊరు, నరకాబాద్ అనే అర్థాలు వచ్చే పేర్లు కూడా గుప్పించాడు. రాసినవాడు సామాన్యుడు కాడు, దేశాన్నేలే పాదుషా. అయినా ఊరివాళ్లు వాటిలో దేన్నీ తమ పేరుగా చేసుకోలేదు. తరువాత బట్టల మిల్లులు వచ్చినప్పుడు మాత్రం ‘భారత మాంచెస్టర్’ను ఇష్టంగా తగిలించుకున్నారు.

దీని పక్కన ఇంగ్లండ్‌లోని మిడిల్స్‌బ్రోను పెట్టి చూడండి. ఉక్కు, రసాయన కర్మాగారాల ఊరు కాబట్టి ఫుట్‌బాల్ ఆటల్లో ఎదుటి జట్ల అభిమానులు అక్కడివారిని ‘స్మాగీలు’ అని వెక్కిరించేవారు. ఊరివాళ్లు ఆ వెక్కిరింతను లాక్కుని సొంతం చేసుకున్నారు. ఇప్పుడు వాళ్లే ‘నేను స్మాగీని’ అని గర్వంగా చెప్పుకుంటారు. చక్రవర్తి కలం చేయలేనిది మైదానంలోని అరుపు చేసింది. పేరును నిలిపేది పెట్టినవారి హోదా కాదు. దాన్ని ఊరివాళ్లు తమ నోటితో అనాలి.

ఘోరమైన గాలి పీల్చిన ఎన్నో ఊళ్లకు ప్రపంచానికి తెలిసిన ముద్దుపేరు లేకపోవడానికి కారణం కూడా ఇదే. చైనాలోని బెన్షీ 1980లలో ఉపగ్రహ చిత్రాల్లో కనబడనంతగా పొగ కప్పేసిన నగరంగా పేరుమోసింది. బ్రెజిల్‌లోని కుబటావ్‌ను అదే దశాబ్దంలో ‘మృత్యులోయ’ అన్నారు. ఇవి వర్ణనలు, ఆరోపణలు. తన ఊరిని మృత్యులోయ అని ముద్దుగా ఎవరూ పిలుచుకోరు. ప్రాణాలు తీసే దశలో పొగకు ముద్దుపేరు రాదు.

కొన్నిచోట్ల ఊరి పేరే జబ్బుకు అతుక్కుంది. జపాన్‌లో ‘యొక్కాయిచి ఉబ్బసం’ అలాంటిదే. పెట్రోరసాయన కర్మాగారాల మీద రోగులు వేసిన దావాలో 1972లో కోర్టు వారికి అనుకూలంగా తీర్పిచ్చింది. పిట్స్‌బర్గ్‌కు దక్షిణాన మొనొంగహీలా నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు డొనోరా మరో దారి పట్టింది. 1948 అక్టోబరు చివర అక్కడ స్మాగ్ వల్ల 20 మంది చనిపోయారు, వేలమంది జబ్బుపడ్డారు. ఊరివాళ్లు ఇప్పుడు స్మాగ్ మ్యూజియం నడుపుతూ, ‘స్వచ్ఛమైన గాలి మొదలైంది ఇక్కడే’ అని రాసుకున్నారు.

ఇలాంటి పేర్లను ముద్దుగా వాడడం సరైనదేనా అన్న ప్రశ్న కూడా వస్తుంది. ఆల్డ్ రీకీ అని చాయ్ కప్పుల మీద అచ్చేసి అమ్ముతుంటే, ఆ పొగకు ఊపిరితిత్తులు పాడైనవారు కనుమరుగవుతారని ఒక వాదన. పేరు లేకపోతే అసలు పొగ ఉండేదన్న సంగతే జనం మరిచిపోతారని ఇంకొకటి. రెండోదానికి డొనోరా ఆధారం, మొదటిదానికి సావనీర్ దుకాణాలు. పేరు పక్కన కథ కూడా చెబుతున్నారా లేదా అన్నదాని మీదే ఇది ఆధారపడుతుంది.

## కంటికి కనబడని పొగకు పేరు ఎలా వస్తుంది

పైన చెప్పిన పేర్లన్నీ కంటికి కనిపించినవాటి నుంచే వచ్చాయి. ఇప్పుడు ఎక్కువ హాని చేసేది పీఎం 2.5. అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్న కణాలు. తల వెంట్రుక మందంలో ఇవి సుమారు ముప్పయ్యో వంతు. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక నగరంలో ఏడాది సగటున ఘనపు మీటరు గాలికి 35 మైక్రోగ్రాముల పీఎం 2.5 ఉందనుకోండి. భారత ప్రమాణం 40 కాబట్టి కాగితం మీద ఆ ఊరు ఉత్తీర్ణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన పరిమితి 5. దానికి ఇది ఏడు రెట్లు. అలాంటి ఊళ్లో చాలా రోజులు ఆకాశం నీలంగానే ఉంటుంది. ఫోర్త్ నదీముఖానికి ఆవల నిలబడి చూసినా ఏమీ కనబడదు. కాబట్టి దానికి పొగ పేరు పెట్టేవారెవరూ ఉండరు, జబ్బులు మాత్రం ఉంటాయి.

ఢిల్లీ ఇందుకు భిన్నం. చలికాలంలో అక్కడి గాలి కంటికి కనిపిస్తుంది, ముక్కుకు తెలుస్తుంది, కొలతల్లోనూ దొరుకుతుంది. అయినా ‘గ్యాస్ చాంబర్’ మారుపేరుగా నిలవడం అనుమానమే. అది ప్రభుత్వాలను నిలదీయడానికి వాడే మాట, ఏడాదిలో కొన్ని నెలలే వినబడే మాట. మిడిల్స్‌బ్రో వాళ్లు స్మాగీలమని చెప్పుకున్నట్టు ఢిల్లీవాసులెవరూ దాన్ని తమకు తగిలించుకోరు, తగిలించుకోనక్కరా లేదు. ‘మాస్క్‌మండూ’ అలా కాదు. ఊరి పేరులోంచే పుట్టింది, ఊరివాళ్లే పెట్టుకున్నారు, పలకడానికి తేలిక. ఈ రెండింటిలో మన మనవల దాకా మిగిలేది ఏదంటే నేను కఠ్మాండూ వైపే మొగ్గుతాను, అక్కడి గాలి అప్పటికి బాగుపడినా సరే.